అర టికెట్టుకి ఐదువేల గొట్టాలు

నీళ్ళ శాఖలో ఆయన్ని అసలు పేరుతో పిలిచే మనిషి జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆయన చెవిమామ. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన చేసిన ఉద్యోగం వినడమే.

భూమి లోపల మెయిన్ పైపు ఎక్కడో చిట్లుతుంది. పైన రోడ్డు పొడిగానే ఉంటుంది. నీళ్ళు ఎటు పోతున్నాయో ఎవరికీ అంతుపట్టదు. అప్పుడు చెవిమామ వచ్చేవాడు. చేతిలో ఛాతీ ఎత్తు ఇనప కడ్డీ, దాని పైకొసన చెవికి ఆనించుకునే చెక్క గిన్నె. కడ్డీ మొన వాల్వు మీద పెట్టి, గిన్నె చెవికి అదుముకుని, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. కారేది ఇనప పైపయితే సన్నగా పాము బుస వినబడుతుంది. ప్లాస్టిక్ పైపయితే పక్కగదిలో ఎవరో గురక పెడుతున్నట్టుంటుంది. పదడుగులు నడవడం, మళ్ళీ వినడం, మళ్ళీ నడవడం. చివరికి సుద్దముక్క తీసి రోడ్డు మీద ఇంటూ గుర్తు గీసేవాడు. తవ్వేవాళ్ళు అక్కడ గునపం వేస్తే నీళ్ళు ఎగజిమ్మేవి. తప్పితే మూరెడు తప్పేది, అంతకు మించి ఎన్నడూ లేదు. "శబ్దం చేసే పైపు చెడిపోయిన పైపు" అనేది ఆయన వేదవాక్కు. బాగున్న పైపు నోరు మూసుకుని పడి ఉంటుంది.

ఈ పనంతా బళ్ళు తిరగకముందే జరగాలి. కాబట్టి మామ తెల్లవారుజామున మూడింటికి లేచేవాడు. సాయంత్రం ఏడింటికల్లా పడుకునేవాడు. పడుకున్నాక ఇంట్లో గిన్నె చప్పుడు వినబడకూడదు, మేలుకుని ఉన్నప్పుడు చెవులు అలిసిపోకూడదు. దీనికంతటికీ బలైంది ఆయన భార్య. మామ పెళ్ళాం కాబట్టి ఆవిడ ఊరందరికీ అత్త. అత్త పుట్టింట్లో ఐదుగురు అక్కచెల్లెళ్ళు. ఆ ఇల్లు నిశ్శబ్దంగా ఉందంటే ఎవరో అలిగారని అర్థం. అలాంటి మనిషి వచ్చి, రోజుకి నాలుగుసార్లు "ష్" అనే మొగుడి చేతిలో పడింది. మొదటి ఏడాది ఏడ్చింది, రెండో ఏడాది నవ్వుకుంది, మూడో ఏడాదికి గుసగుసలాడడం అలవాటు చేసుకుంది. అదృష్టం కొద్దీ ఆవిడ పని యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో. ఇరవై కుట్టుమిషన్లు ఒకేసారి రొదపెట్టే చోట ఎంత అరిచినా అడిగేవాడు లేడు. ఇంట్లో మింగిన మాటలన్నీ అక్కడ కక్కేసి, తేలికపడి ఇంటికొచ్చేది.

కిందటేడు నీళ్ళ శాఖకి కొత్త యంత్రం వచ్చింది. రెండు డబ్బీలు, ఒక పెట్టె. ఈ వాల్వుకో డబ్బీ, ఆ వాల్వుకో డబ్బీ తగిలిస్తే, పైపు ఎన్ని మీటర్ల దూరంలో కారుతోందో పెట్టె మీద అంకె పడుతుంది. పట్టపగలు, లారీలు తిరుగుతున్నా సరే. మామ వారం రోజులు దాని తప్పు పట్టుకోవాలని చూశాడు. దొరకలేదు. అదే ఆయన్ని ఎక్కువగా బాధపెట్టింది. కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మాయి ఎంతో మర్యాదగా, "మామా, ఇంక చలిలో మీకెందుకీ తిప్పలు? హాయిగా స్టోరులో కూర్చోండి" అంది. స్టోరులో పని వాషర్లు ఇవ్వడం, వాషర్లు తీసుకోవడం.

ఇప్పుడు మామ అందరిలా తొమ్మిదింటికి వెళ్ళి ఐదింటికి వస్తున్నాడు. వచ్చి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటున్నాడు. "ష్" అనడం కూడా మానేశాడు. చెవులకి పనిలేకపోతే బుర్రకి పని పెరుగుతుంది. ఆ మౌనం అత్తకి పాత మౌనం కంటే భయంకరంగా తోచింది.

ఒక సాయంత్రం అత్త ఒక కాగితం పట్టుకొచ్చింది.

"ఏవండీ, కార్పొరేషన్ వాళ్ళు నగరవాసి కార్డు ఇస్తున్నారు. మ్యూజియం, తోటలు, ఈతకొలను, సంగీత మందిరం, అన్నిటికీ అర టికెట్టేనట. ఒక కార్డు మీద ఇద్దరం వెళ్ళొచ్చట" అంది అలవాటు ప్రకారం గుసగుసగా.

"మనకెందుకే అవన్నీ?"

"మనకి కాకపోతే ఎవరికి? ఈ ఊళ్ళో ఉంటున్నట్టు రుజువు చూపిస్తే చాలు."

"ఏం రుజువు?"

"నీళ్ళ బిల్లు."

మామకి ఒళ్ళు మండింది. "ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊరి నాడి పట్టుకు తిరిగినవాణ్ణి. నేను ఈ ఊరివాణ్ణేనని నీళ్ళ బిల్లు చెప్పాలా? ఏ పైపునడిగినా చెబుతుంది!"

"పైపులొచ్చి కౌంటర్లో సాక్ష్యం చెప్పవు కదా. బిల్లెక్కడ పెట్టారో చెప్పండి."

పది రోజుల్లో కార్డు వచ్చింది. నీలం రంగు, అరచేతిలో ఇమిడేంత. అందులో మామ ఫోటో చూస్తే, ఎవరో కాలు తొక్కి మాటైనా చెప్పకుండా పోయినట్టుంది. అత్త దాన్ని తన సంచిలో దాచింది. ఆదివారానికో చోటని పట్టుబట్టింది.

మొదటి ఆదివారం మ్యూజియం. అందరూ గాజుబీరువాల్లో కత్తులూ కుండలూ చూస్తుంటే మామ గోడ వెంబడి పోయే అగ్నిమాపక గొట్టాలు చూసి, "బిగింపు సరిగా లేదు" అన్నాడు. రెండో ఆదివారం తోట. అక్కడ ఫౌంటెన్ పంపులో ఏదో గరగరమంటోందని గంటసేపు దాని పక్కనే కూర్చున్నాడు. మూడో ఆదివారం ఈతకొలను. అత్త ఒడ్డున కాళ్ళు నీళ్ళలో వేలాడేసుకుని పక్కనున్న పరాయి ఆడవాళ్ళందరి కథలూ తెలుసుకుంది. మామ టవల్ కప్పుకుని బెంచీ మీద కూర్చున్నాడు, బస్సు కోసం ఎదురుచూస్తున్న మనిషిలా.

నాలుగోవారం అత్త ఇంకో కాగితం తెచ్చింది. సంగీత మందిరంలో ఆర్గాన్ అని పాతకాలపు వాద్యం ఒకటి ఉందట. హార్మోనియానికి ముత్తాత లాంటిదట. కార్డున్నవాళ్ళకి కచేరీకి ముందు ఆ వాద్యం లోపలికి తీసుకెళ్ళి చూపిస్తారట.

"లోపలికా? వాద్యం లోపలికి మనుషులెలా వెళ్తారు?" అన్నాడు మామ.

"ఏమో మరి. ఐదువేల గొట్టాలున్నాయని రాశారు. గొట్టాలంటే మీకు చుట్టాలేగా, పలకరించి వద్దాం రండి."

మామ నవ్వలేదు కానీ, కుర్చీలోంచి లేచి చొక్కా మార్చుకున్నాడు.

మందిరం గుమ్మం దగ్గర కుర్రగుమాస్తా కార్డు తీసుకుని ఫోటో కేసి చూశాడు, మామ కేసి చూశాడు. "అచ్చు ఇలాగే ఉన్నారండీ" అన్నాడు. అత్తకి నవ్వాగలేదు.

లోపల అడుగుపెట్టగానే ఇద్దరూ గుమ్మంలోనే ఆగిపోయారు. ఎర్ర కుర్చీల వరసలు అర్ధచంద్రాకారంలో కిందికి దిగుతున్నాయి. అవి ఎక్కడ ఆగుతాయో అక్కడ వేదిక. వేదిక వెనక గోడ లేదు, గొట్టాలే ఉన్నాయి. వెండిరంగు గొట్టాలు, చెక్క గొట్టాలు, ఒకదాని భుజం మీంచి ఒకటి తొంగిచూస్తూ, నేల నుంచి కప్పుదాకా. మధ్యలోవి మనిషంత, అంచుల్లోవి మూడంతస్తుల ఇంటంత. మామ తలెత్తి చూస్తూ నిలబడ్డాడు. ఆయన జీవితమంతా పైపులు భూమిలోనే ఉన్నాయి. ఎన్నివేల మైళ్ళ పైపుతో పరిచయం ఉన్నా, చూసింది మాత్రం గోతిలో కనబడే గజం ముక్కే. ఇలా లేచి నిలబడి, ఒంటిమీద వెలుగు పడుతూ, బారులు తీరి ఉండగా ఎన్నడూ చూడలేదు.

వాద్యం చూసుకునే మనిషి ఒక పెద్దావిడ. పొట్టిగా, తెల్లజుట్టు మెడదాకా కత్తిరించుకుని, నిండా జేబులున్న ఏప్రన్ వేసుకుని ఉంది. ఒక్కో జేబులోంచి బ్రష్షో, స్క్రూడ్రైవరో, ఇత్తడి పుల్లో తొంగిచూస్తోంది. చూడవచ్చిన తొమ్మిదిమందినీ వేదిక మీదికి పిలిచి, "ఈ ముందువరసలో అన్నీ పలికేవి కావు. కొన్ని ఉత్తి అలంకారం. ఏవి పలకవో చెప్పగలరా ఎవరైనా?" అని అడిగింది. వచ్చిన వాళ్ళందర్నీ అడిగే ప్రశ్నలా ఉంది. జవాబు వస్తుందని ఆశ ఉన్నట్టు లేదు.

మామ దగ్గరికెళ్ళి వంగి చూశాడు. ప్రతి గొట్టానికీ కింద నోరులాంటి చీలిక ఉంది.

"ఈ చివర ఎనిమిదీ పలకవు. ఆ చివర ఎనిమిదీ కూడా" అన్నాడు.

"ఎలా చెప్పారు?"

"వీటి పెదాల మీద దుమ్ము పేరుకుంది. మధ్యలోవాటికి లేదు. గాలాడే చోట దుమ్ము నిలవదు."

పెద్దావిడ తాడుకి వేలాడుతున్న కళ్ళజోడు పెట్టుకుని ఆయన్ని మొదటిసారి సరిగా చూసింది. "మీరేం చేస్తుంటారు?"

మామ నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. "భూమిలో పైపులు ఎక్కడ కారుతున్నాయో చెవితో విని చెబుతారక్కయ్యగారూ! ఊరంతా ఈయన చెవిలోనే ఉంది." మామ సిగ్గుతో నేలచూపులు చూశాడు. స్టోరు సంగతి అత్త చెప్పలేదు.

లోపలికి దారి పక్కగోడలో ఉన్న చిన్న తలుపు. గూడులాంటి దారి కాబట్టి ఇద్దరిద్దరే వెళ్ళాలి. తొమ్మిదిమందిలో ముగ్గురు లోపలి నిచ్చెన చూసి వెనక్కి తిరిగారు. అత్త కూడా మోకాళ్ళు పట్టుకుని, "నావల్ల కాదక్కయ్యగారూ" అంది.

"అయితే మీరు నాకో సాయం చెయ్యాలమ్మా" అంది పెద్దావిడ. "నా సహాయకురాలు సెలవులో ఉంది. కచేరీలోపు లోపల నాలుగు గొట్టాలు శృతి చెయ్యాలి. మీరిక్కడ కూర్చుని నేను చెప్పిన మెట్టు నొక్కి పట్టుకోవాలి. 'తర్వాతది' అంటే పక్కదానికి జరగాలి. అంతే."

"నేనా?" అంది అత్త. వాద్యం ముందు హార్మోనియం మెట్లలాంటివే నాలుగు వరసలున్నాయి. కింద కాళ్ళతో తొక్కేందుకు బారెడు పొడుగు చెక్కమెట్లు. అత్త బల్ల మీద కూర్చుని, కాలిమెట్ల కేసి చూసి, చెప్పులు విడిచింది. "కుట్టుమిషను తొక్కడం కంటే కష్టమా?" అనుకుంది పైకే.

చివరి జట్టుగా మామ, పెద్దావిడ లోపలికెళ్ళారు.

అది గది కాదు, అడవి. పాత చెక్క వాసన, తోలు వాసన, ఎండిన జిగురు వాసన. దీపం వెలుగులో కనిపించినంతమేరా గొట్టాలే. పెన్సిలంతవి వందలకొద్దీ వరిమడిలా బారులు తీరి ఉన్నాయి. వాటి వెనక చేతికర్రల్లాంటివి, వాటి వెనక స్తంభాల్లాంటివి. కింద మంచమంత తోలుతిత్తి గాలితో ఉబ్బి ఉంది. దాని మీద బరువుకి ఇనపదిమ్మెలు పెట్టారు. సెల్లార్లో మోటారు తిరుగుతున్నట్టు పాదాలకి తెలుస్తోంది. ఏదీ మోగడం లేదు. అయినా నిశ్శబ్దం లేదు. అక్కడంతా ఒక ఊపిరి ఉంది.

మామ తల ఒక పక్కకి వంచాడు. ఏడాదిగా ఆ మెడ అలా వంగలేదు.

"ఇక్కడ కారుతోంది" అన్నాడు తిత్తి మూల చూపిస్తూ. రెండడుగులు వేసి, "ఇక్కడ కూడా. ఈ చెక్కగొట్టం అతుకులో." ఆ గొంతులో పాత దర్జా వచ్చేసింది.

"పదకొండు చోట్ల కారుతోంది" అంది పెద్దావిడ తాపీగా. "మీరు చెప్పినవి మూడోదీ, ఏడోదీ. గాలి కదండీ, కాస్త పోతూనే ఉంటుంది. ఆ పోయేదాన్ని కూడా కలుపుకునే మోటారు పెట్టాం."

కారినా తప్పులేని గొట్టాలు! మామ తిత్తి కేసి మరోసారి చూశాడు. "మీ దగ్గర ఒత్తిడి ఎంత?" అని అడిగాడు, తనకి తెలిసిన ప్రశ్న అదొక్కటే కాబట్టి.

పెద్దావిడ గోడకున్న వంకీ తిరిగిన గాజుగొట్టం చూపించింది. అందులో రంగునీళ్ళు. "మేం గాలిని నీళ్ళతోనే కొలుస్తాం. ఈ పక్క నీళ్ళు ఆ పక్క నీళ్ళ కంటే ఎంత ఎత్తు లేస్తే అంత. నాలుగు అంగుళాలు."

మామ వంగి చూశాడు, మళ్ళీ చూశాడు. ఆయన మెయిన్ పైపుల్లో ముప్ఫై మీటర్ల నీళ్ళ ఒత్తిడి ఉంటుంది. చిట్లితే రోడ్డు లేచిపోతుంది.

"నాలుగు అంగుళాలా? వేడిపాల మీద ఊదితే అంత వస్తుందేమో!"

"అంతే. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు."

"ఆ ఊపిరితో ఆ హాలంతా నిండుతుందా?"

"సాయంత్రం మీరే వింటారుగా" అని ఆవిడ నిచ్చెన ఎక్కింది. మామ వెనకే ఎక్కాడు. రెండు పలకల సందులో, మోచెయ్యి కదిపితే గొట్టం పడిపోతుందేమోనని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"నొక్కమ్మా!" అని కేకేసింది పెద్దావిడ.

ఏమీ వినబడలేదు. అవతల్నుంచి ఏదో గాలి చప్పుడులాంటిది వచ్చింది, అంతే. మామకి మాత్రం అదేమిటో తెలుసు. అత్త గుసగుస అది. "ఏ మెట్టండీ?" అని అడుగుతోంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు, ఆయన ఉన్నచోట గొంతు లేవదు.

"గట్టిగా మాట్లాడవే!" అని అరిచాడు మామ. "వినబడట్లేదు!"

అవతల బల్ల కిర్రుమంది. తర్వాత అత్త గొంతు ఖంగుమంది. "ఏవండీ, ఆ మాటన్నది మీరేనా?"

"నేనే! అరిచి చెప్పు!"

"ఏ మెట్టు నొక్కమంటారూ?" అంది అత్త, కార్ఖానాలో ఇరవై మిషన్ల మీంచి అరిచే గొంతుతో. పెద్దావిడ ఉలిక్కిపడి, నవ్వి, మెట్టు గుర్తు చెప్పింది.

మోకాలి దగ్గరున్న సన్నగొట్టం పలికింది. దానితోపాటే వెనక వరసలోది ఇంకోటి. రెండూ ఒకటే స్వరం కావాలి కానీ కాలేదు. మధ్యలో ఏదో అలలా ఊగుతోంది. పెద్దావిడ గొట్టం పైనున్న రేకు పట్టీని ఇత్తడి పుల్లతో పైకి తట్టింది. అల నెమ్మదించింది. మళ్ళీ తట్టింది. ఇంకా నెమ్మదించింది. పసిపిల్లాడు ఉయ్యాల్లో నిద్రపోతున్నట్టు ఊగి ఊగి ఆగిపోయింది.

"ఆగింది" అన్నాడు మామ.

పెద్దావిడ చెయ్యి మళ్ళీ లేచింది. "ఇంకొంచెం ఉన్నట్టుంది..."

"లేదమ్మా. ఆగిపోయింది."

ఆవిడ చెయ్యి దించి, గొట్టం దగ్గరికి చెవి పెట్టి చాలాసేపు విన్నది. తల తిప్పకుండానే అంది. "నాకు అరవై ఎనిమిది. ఈ సన్నటివి రెండేళ్ళుగా నాకు సరిగా అందడం లేదు. ఎవరితోనూ అనలేదు."

మామ కూడా తల తిప్పకుండానే, "నన్ను స్టోరులో కూర్చోబెట్టారు" అన్నాడు.

"చెవి మందగించా?"

"కాదు. యంత్రం వచ్చి. మంచి యంత్రమే. తప్పు చెప్పదు."

"నా దగ్గరా ఒకటుంది. గొట్టం పక్కన పెడితే ముల్లు చూపిస్తుంది" అంది పెద్దావిడ. "ఒక్కో గొట్టానికి బాగానే పనికొస్తుంది. అన్నీ కలిసి పలికినప్పుడు ఎలా ఉందో అది చెప్పదు. దానికి ఎవరో ఒకరు కూర్చుని వినాల్సిందే." తర్వాత గొంతెత్తి, "తర్వాతది!" అంది.

నాలుగు గొట్టాలూ అయ్యాయి. ప్రతిసారీ అల ఆగిందని మామే చెప్పాడు. దిగబోతుంటే పెద్దావిడ ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఒక్కటి చూసి వెళ్ళండి. దీన్ని చాలామంది చెవితో వినలేరు."

ఆయన ఇందాకట్నుంచీ ఆనుకుని నిలబడ్డ చెక్కగోడ గోడ కాదట. అది గొట్టం. నలుచదరంగా, తలుపంత వెడల్పుతో, కింద చీకట్లోంచి లేచి పైన చీకట్లోకి పోతోంది. ముప్ఫై రెండడుగులు.

"అమ్మా, కాలిమెట్లలో అన్నిటికంటే ఎడమ చివరది!" అని కేకేసింది పెద్దావిడ. "మెల్లిగా తొక్కి పట్టుకో!"

"సరే అక్కయ్యగారూ!"

మొదట ఏమీ కాలేదు. ఎక్కడో లోతున గాలి కదిలినట్టు అనిపించింది. అప్పుడు మామ పక్కటెముకలు వణికాయి. శబ్దం అని ఆయనకి తెలిసినవన్నీ చెవి గుమ్మంలోంచే వచ్చాయి. ఇది గుమ్మం అడగలేదు. అరికాళ్ళలోంచి, వెన్నులోంచి, దంతాల్లోంచి వచ్చింది. ఆయన అరచెయ్యి గొట్టానికి ఆనించాడు. ఆ చెక్క, ఆవు పొట్టలా వెచ్చగా అదురుతోంది. చుట్టూ ఉన్న వందల సన్నగొట్టాలు దానికి జవాబిస్తున్నట్టు సన్నగా గలగలమన్నాయి. నిచ్చెన అదిరింది, పలకలు అదిరాయి, దీపం వెలుగు అదిరింది. ఆ భవనం మొత్తం ఒక్క పెద్ద ప్రాణిలా ఉంది, తను దాని రొమ్ములో నిలబడి ఉన్నాడు.

ఇది నాలుగంగుళాల నీళ్ళ ఊపిరి. దీన్ని పలికిస్తున్నది, చెప్పులు విడిచి కూర్చున్న తన పెళ్ళాం పాదం.

ముప్ఫై ఏళ్ళు ఆ మనిషిని నోరు మూసుకోమన్నాడు. భూమిలో ఏదో సన్నటి బుస వినడం కోసం, పక్కనే ఉన్న గొంతుని అణిచి పెట్టాడు. ఇప్పుడు ఆవిడ ఒక్క కాలు మోపితే మూడంతస్తుల భవనం గజగజలాడుతోంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఏడుపు వల్లో, ఆ అదురు వల్లో ఆయనకే తెలియలేదు.

అత్త కాలు తీసింది. నిశ్శబ్దం ఒక్కసారిగా వచ్చి మీద పడింది.

"మళ్ళీ!" అని అరిచాడు మామ. "మళ్ళీ తొక్కవే! ఇంకోసారి!"

అత్త మళ్ళీ తొక్కింది. పెద్దావిడ దీపం పట్టుకుని, అటు తిరిగి నిలబడింది.

బయటికొచ్చేసరికి అత్త ముఖం దీపంలా వెలిగిపోతోంది. "ఏవండీ, బల్ల కూడా వణికింది తెలుసా! నేను పైనుంచి ఏదైనా పడుతోందేమోనని కాలు తీసేశాను. మీరు మళ్ళీ అనేసరికి..." అని ఆగి, ఆయన్ని చూసింది. "ఏమైంది మీకు?"

"ఏమీ లేదు. చెప్పు, చెప్పు."

కచేరీ నాలుగున్నరకి. అర టికెట్టు వాళ్ళకి వెనక వరస. వాయించే మనిషి సన్నగా, నల్లకోటులో, దూరానికి చీమలా ఉన్నాడు. కూర్చుని చేతులు దులుపుకున్నాడు. మొదట ఒకే ఒక్క సన్నటి స్వరం వచ్చింది, హాల్లో ఎక్కడో పిట్ట ఒకటి మేలుకున్నట్టు. మామ అత్త చెయ్యి పట్టుకున్నాడు.

"అది మనదే" అన్నాడు. "రెండోది. నువ్వు నొక్కావే, అది."

తర్వాత దాని పక్కన ఇంకోటి చేరింది, ఇంకోటి, ఇంకోటి. కాసేపటిదాకా మామ ఒక్కోదాన్నీ ఎక్కడుందో పట్టుకోగలిగాడు. ఇది నిచ్చెన పక్కది, ఇది వెనక వరసది, ఇది ముందు వెండిది. కళ్ళు మూసుకుని ఆ అడవిలో నడుస్తూ వెళ్ళాడు. అవి పది అయ్యాయి, ఏభై అయ్యాయి. ఇంక పట్టుకోవడం ఆయన తరం కాలేదు. జీవితంలో మొదటిసారి ఆయన ఏ ఒక్క శబ్దాన్నీ వెతకడం మానేశాడు. ఏరు వచ్చింది, వెనకాలే వరద వచ్చింది. చివరికి నేల కింద నుంచి ఆ పెద్దది లేచేసరికి, ముందు వరసల్లోని తలలన్నీ ఒకేసారి వెనక్కి వాలాయి. కప్పు నుంచి వేలాడే దీపాలు తీగల మీద సన్నగా ఊగాయి. అత్త నోరు తెరిచింది, మూయడం మరిచిపోయింది.

ఆఖరి స్వరం ఆగాక కూడా ఆ హాలు మూడు నాలుగు క్షణాలు దాన్ని వదల్లేదు. చప్పట్లు ఆలస్యంగా మొదలయ్యాయి.

జనం వెళ్ళిపోయారు. గుమాస్తా ఒక్కో వరసలో దీపాలు ఆర్పుకుంటూ వస్తున్నాడు. అత్త లేచి సంచి సర్దుకుంది. మామ లేవలేదు.

"వెళ్దామా అండీ?"

"కాసేపు కూర్చో."

అత్త కూర్చుంది. ఇద్దరూ ఖాళీ కుర్చీలకవతల, మళ్ళీ ఏమీ ఎరగనట్టు నిలబడ్డ గొట్టాల కేసి చూస్తూ ఉన్నారు. పెద్దావిడ ఏప్రన్ విప్పి చేతికి వేసుకుని మెట్లెక్కి వచ్చింది.

"శనివారాలు మీకు ఖాళీయేనా?" అంది. "జీతం ఇప్పించలేను. పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా. నేను తట్టాలి, ఈయన వినాలి, మీరు నొక్కాలి. అటూ ఇటూ కేకలు మాత్రం గట్టిగా వెయ్యాలి."

"కేకల సంగతి నాకొదిలెయ్యండి అక్కయ్యగారూ" అంది అత్త.

ఇది జరిగి ఎనిమిది శనివారాలైంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా మామ వాషర్లు ఇస్తూనే ఉన్నాడు. ఇంజనీరమ్మాయి యంత్రం చెప్పిన అంకెలు చూపిస్తే, "బాగానే చెబుతోందమ్మా" అంటున్నాడు, మనస్ఫూర్తిగానే. శనివారం పొద్దున తొమ్మిదింటికే బస్టాపులో ఉంటున్నాడు. ఇప్పటికి ముగ్గురూ కలిసి ఆరువందల గొట్టాలు పూర్తిచేశారు.

మొన్న భోజనం డబ్బాలు విప్పుకుని వేదిక అంచున కూర్చున్నప్పుడు అత్త లెక్కవేసి, "ఈ లెక్కన ఐదువేలూ అవ్వాలంటే ఏడాది పైనే పడుతుంది కదూ?" అని అడిగింది.

"అప్పటికి ఎండలు వచ్చేస్తాయి, వానలు వచ్చేస్తాయి" అంది పెద్దావిడ. "మొదట చేసినవన్నీ శృతి తప్పుతాయి. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి."

మామ తినడం ఆపాడు. "అంటే ఎప్పటికీ పూర్తవదా?"

"నేను నలభై ఏళ్ళుగా చేస్తున్నాను. నాకంటే ముందు ఇంకో ఆయన చేశాడు. పూర్తవలేదు."

మామ డబ్బా మూత పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, చిన్నతలుపు దగ్గర తల వంచాడు. లోపల్నుంచి ఆయన కేక వినబడింది. "ఇంకా తింటున్నావా? రావే, ఆరువందల ఒకటోది!"